మంటకు ముందే మోగాల్సిన గంట

చర్చి, బడి, హాస్టలు నడిపే ప్రతి కమిటీ తెలుసుకోవలసిన ఫైర్ అలారం అనుమతుల వివరాలు

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రమాదం ముంచుకొచ్చాక చేసే పనికి ఫలితం ఉండదని వారికి అనుభవంలో తెలుసు. మన పల్లెలకు అగ్ని భయం కొత్తది కాదు. ఎండాకాలం పడమటి గాలి వీచే రోజుల్లో ఒక పూరింటి మీద నిప్పురవ్వ పడితే పేటంతా బూడిదైన సంగతులు చాలా ఊళ్ళలో ముసలివారు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజుల్లో ఎవరో ఒకరు పరుగెత్తి వెళ్ళి చర్చి గంట కొట్టేవారు. వేళకాని వేళ గంట మోగిందంటే ఆపద వచ్చిందని అందరికీ అర్థమయ్యేది. బిందెలతో, తడి గోనెసంచులతో జనం పరుగున వచ్చేవారు.

ఇప్పుడు మన ఊళ్ళు మారాయి. పూరిళ్ళ చోట డాబాలు లేచాయి. చర్చిలు రెండంతస్తులయ్యాయి. లోపల ఫాల్స్ సీలింగు, తెరలు, తివాచీలు, సౌండు సిస్టం, ఏసీలు వచ్చాయి. ప్రక్కన బడి, వెనుక హాస్టలు, ముందు కల్యాణ మండపం కట్టుకున్న సంఘాలున్నాయి. దీనితో అగ్ని ప్రమాదం తీరు కూడా మారింది. పూరిల్లు అంటుకుంటే మంట ఊరంతటికీ కనబడుతుంది. డాబాలో గోడ లోపల వైరు కాలితే మొదట వచ్చేది పొగ. తలుపులు మూసుకొని పడుకున్న పిల్లలకు ఆ పొగ వచ్చిన సంగతే తెలియదు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. అది నిద్రపోయేవారిని లేపదు, ఇంకా మత్తులోకి దింపుతుంది. మంట చేరకముందే ప్రాణం తీస్తుంది.

అందుకే మనిషి కన్ను చూడకముందే పొగను పసిగట్టి మోగే గంట అవసరమైంది. దానినే ఫైర్ అలారం అంటున్నాము. అయితే దానిని ఎవరు పెట్టాలి? ఎవరి అనుమతి తీసుకోవాలి? ఎవరిచేత పెట్టించాలి? ఈ ప్రశ్నలు మన కమిటీ సమావేశాల్లో చాలా అరుదుగా వస్తాయి. అవన్నీ పట్నాల్లో పెద్ద హోటళ్ళకు, ఆసుపత్రులకు సంబంధించిన సంగతులని మనలో చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం సరికాదు. మన రాష్ట్ర చట్టం ప్రార్థనా స్థలాలను పేరు పెట్టి మరీ చెబుతోంది.

మూడు చోట్ల జరిగిన మూడు ప్రమాదాలు

చట్టం సంగతికి వెళ్ళేముందు మన దేశంలో జరిగిన మూడు ప్రమాదాలను గుర్తు చేసుకోవడం మంచిది. అనుమతి అనే మాటకు అసలు అర్థమేమిటో అవే మనకు చెబుతాయి.

మొదటిది 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలి పట్టణంలో జరిగింది. ఒక పాఠశాల వార్షికోత్సవం కల్యాణ మండపంలో ఏర్పాటు చేశారు. పైన సింథటిక్ గుడ్డతో షామియానా వేశారు. విద్యుత్తు వల్ల నిప్పు పుట్టి ఆ గుడ్డ అంటుకుంది. కాలుతున్న గుడ్డ జనం మీద పడింది. బయటికి పోయే దారి ఒకటే. 400 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది పిల్లలు, వారి ఆట చూడటానికి వచ్చిన తల్లులు. డిసెంబరు నెలలో మనమూ పందిళ్ళు వేసి, రంగురంగుల దీపాలు కట్టి, పిల్లలచేత కార్యక్రమాలు చేయిస్తాము. కాబట్టి ఈ సంఘటన మనకు దూరపుది కాదు.

రెండవది 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో జరిగింది. క్రింద పార్కింగ్ దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మరులో మంట మొదలైంది. పొగ పైకి, బాల్కనీలోకి ఎక్కింది. లోపల సినిమా నడుస్తూనే ఉంది. ప్రమాదం జరిగింది, బయటికి రండి అని ప్రేక్షకులకు మైకులో చెప్పినవారు లేరు. అదనపు సీట్లు వేయడం కోసం ఒక దారి మూసివేశారు. 59 మంది చనిపోయారు. ఎక్కువమంది పొగకు ఊపిరాడక పోయారు. ఆ హాలు చాలా ఏళ్ళపాటు తాత్కాలిక పర్మిట్ల మీదనే నడిచిందని తర్వాత బయటపడింది. గడువు తీరేసరికి మరో కాగితం వచ్చేది. లోపలి లోపాలు మాత్రం అలాగే ఉండేవి.

మూడవది 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో జరిగింది. మధ్యాహ్న భోజనం వండే వంటశాల తాటాకు కప్పుకు నిప్పంటుకుంది. అది పై అంతస్తులో తరగతులపైనున్న తాటాకు కప్పుకు పాకింది. మెట్లు ఇరుకు. 94 మంది పసిపిల్లలు కాలిపోయారు. అది గుర్తింపు లేని బడి కాదు. ఎయిడెడ్ పాఠశాల. తనిఖీలు జరుగుతున్నట్లు కాగితాలు చెప్పే బడి. తర్వాత జరిగిన విచారణను నిర్వాహకులతోపాటు విద్యాశాఖ ఉద్యోగులు కూడా ఎదుర్కొన్నారు.

ఆ విషాదం తర్వాత దాఖలైన కేసులో సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు చెప్పింది. భయం లేని, భద్రమైన బడిలో చదువుకోవడం పిల్లల విద్యాహక్కులో భాగమని ప్రకటించింది. భవనం జాతీయ భవన నియమావళి ప్రకారం సురక్షితంగా ఉన్నదని చూసుకున్న తర్వాతనే బడికి గుర్తింపు ఇవ్వాలని ఆదేశించింది. ఉన్న బడులన్నీ ఆరు నెలలలోగా మంటలార్పే సాధనాలు అమర్చుకోవాలని, సిబ్బందికి వాటిని వాడటం నేర్పాలని చెప్పింది. ఆ బడి ప్రభుత్వానిదా, ప్రైవేటుదా, సంఘానిదా అన్న తేడా ఇందులో లేదు.

మన చట్టం ఏమి చెబుతోంది?

మన రెండు తెలుగు రాష్ట్రాలలోను ఈ విషయానికి మూలం 1999లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం. రాష్ట్రం వేరుపడిన తర్వాత తెలంగాణ కూడా దానిని స్వీకరించింది. ఆ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం కొన్ని రకాల భవనాలు కట్టదలచినవారు ముందుగా అగ్నిమాపక శాఖనుండి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. ఆఫీసుల్లో దీనినే ఎన్.ఓ.సి. అంటారు.

ఏ భవనాలకు ఇది వర్తిస్తుంది? వ్యాపార భవనమైతే ఎత్తు 15 మీటర్లు, అంటే సుమారు 49 అడుగులు దాటినప్పుడు. నివాస భవనమైతే 18 మీటర్లు, అంటే సుమారు 59 అడుగులు, ఆ పైన ఉన్నప్పుడు. ఇక మూడవ రకం మనకు ముఖ్యం. బడులు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, ప్రార్థనా మందిరాలు వంటి జనం గుమిగూడే భవనాలకు కొలతలు చాలా తక్కువ. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, లేదా భవనం ఎత్తు 6 మీటర్లు దాటినా పత్రం కావాలి. మన లెక్కలో చెప్పాలంటే స్థలం సుమారు 600 గజాలు, అంటే పన్నెండు సెంట్లకు కొంచెం పైన. ఎత్తు ఇరవై అడుగులు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మించినా చాలు.

ఒకసారి మీ చర్చి ఆవరణను మనసులో కొలిచి చూడండి. మండల కేంద్రాల్లోను, పెద్ద గ్రామాల్లోను ఉన్న మన మందిరాలలో చాలావాటి స్థలం పన్నెండు సెంట్లు దాటే ఉంటుంది. రెండంతస్తుల బడి ఏదైనా ఇరవై అడుగులకు అటు ఇటుగా ఉంటుంది. అంటే చట్టం మన గుమ్మం ముందే నిలబడి ఉంది. నియమాలు అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి, ప్రస్తుతపు కొలతలు, రుసుము ఎంతో మీ దగ్గరి అగ్నిమాపక కేంద్రంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

అలారానికి వేరే అనుమతి ఉందా?

చాలామందికి వచ్చే సందేహం ఇది. ఎవరైనా తమ ఇంట్లో ఒక చిన్న పొగ అలారం కొని పెట్టుకోవాలంటే మన దగ్గర ఏ పర్మిటూ అక్కరలేదు. కానీ పైన చెప్పిన భవనాలలో అలారం విడిగా ఉండే వస్తువు కాదు. మెట్లు, బయటికి పోయే ద్వారాలు, నీళ్ళ ట్యాంకు, మంటలార్పే సిలిండర్లు, అలారం, ఇవన్నీ కలిసి ఒకే ప్రణాళిక. ఆ ప్రణాళిక మొత్తానికి శాఖ అనుమతి ఇస్తుంది.

ఎక్కడ ఏ అలారం కావాలో చెప్పేది జాతీయ భవన నియమావళి. దీనిని భారత ప్రమాణాల సంస్థ 1970లో మొదట ప్రచురించి, తర్వాత 2005లోను, 2016లోను సవరించింది. దానిలోని నాలుగవ భాగం పూర్తిగా అగ్ని భద్రత గురించినదే. అది భవనాలను వాడుకను బట్టి వర్గాలుగా విభజిస్తుంది. నివాసాలు, హాస్టళ్ళు ఎ వర్గం. బడులు బి వర్గం. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, అనాథాశ్రమాలు సి వర్గం. ప్రార్థనా మందిరాలు, సభా మందిరాలు డి వర్గం. ఒకే ఆవరణలో చర్చి, బడి, హాస్టలు, అనాథ పిల్లల గృహం నడిపే సంఘాలు ఈ సంగతి బాగా గమనించాలి. ప్రహరీ గోడ ఒకటే అయినా అవి నాలుగు వర్గాలు. ఒక్కొక్కదానికి అవసరమైన ఏర్పాట్లు వేరు.

ఈ తేడా వెనుక మంచి కారణం ఉంది. చర్చిలో జనం మెలకువగా ఉంటారు, కానీ వందలమంది ఒకేసారి తలుపు వైపు కదులుతారు. హాస్టలులో కొద్దిమందే, కానీ నిద్రలో ఉంటారు. వృద్ధాశ్రమంలో మెలకువ వచ్చినా లేచి నడవలేనివారు ఉంటారు. కనుక ఒకచోట ద్వారాలు ముఖ్యం, మరొకచోట పొగను పసిగట్టే యంత్రం ముఖ్యం, ఇంకొకచోట రాత్రి మేలుకొని ఉండే మనిషి ముఖ్యం.

అలారం ఎలా ఎన్నుకోవాలి, ఎలా అమర్చాలి, ఎలా చూసుకోవాలి అన్నదానికి ఐ.ఎస్. 2189 అనే ప్రమాణం ఉంది. మంటలార్పే సిలిండర్లకు ఐ.ఎస్. 2190 ఉంది. మీరు కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు పని ఈ ప్రమాణాల ప్రకారం జరగాలని ఒక్క వాక్యం చేర్చండి. రేపు ఏదైనా లోపం వస్తే అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

అనుమతి ఏ వరుసలో తీసుకోవాలి?

మొదటి మెట్టు పునాదికి ముందే ఉంటుంది. ఇంజనీరుచేత స్థలం ప్లాను, అంతస్తుల ప్లాను గీయించాలి. భవనం ఎత్తు, చుట్టూ వదిలిన ఖాళీ, మెట్ల వెడల్పు, ద్వారాల సంఖ్య, నీటి ట్యాంకు, సిలిండర్లు, అలారం ఎక్కడెక్కడ వస్తాయో అందులో చూపించాలి. దరఖాస్తు, రుసుముతో శాఖకు సమర్పిస్తే వారు పరిశీలించి, ఏమేమి ఏర్పాట్లు చేయాలో రాసి తాత్కాలిక నిరభ్యంతర పత్రం ఇస్తారు. ఫైరింజను లోపలికి రావడానికి దారి ఉందా అన్నది వారు చూసే ముఖ్యమైన విషయాలలో ఒకటి. ఇది ప్లాను దశలోనే చూసుకోవాలి. గోడలు లేచాక దారి వెడల్పు చేయడం ఎవరి తరమూ కాదు.

రెండవ మెట్టు భవనం పూర్తయ్యాక. అధికారులు వచ్చి, రాసిన ఏర్పాట్లు నిజంగా ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని చూస్తారు. అలారం మోగించి చూస్తారు. సరిగా ఉంటే భవనంలో ప్రవేశించడానికి పత్రం ఇస్తారు. ఈ పత్రం రాకముందే ప్రతిష్ఠ ఆరాధన తేదీ ప్రకటించి, ఆహ్వాన పత్రికలు పంచివేయడం మన దగ్గర కనబడే తొందరపాటు. తేదీ ప్రకటించాక తనిఖీ ఒక తంతుగా మారిపోతుంది.

మూడవ మెట్టు రెన్యువల్. పత్రం మీద గడువు రాసి ఉంటుంది. ఆ తేదీని సంఘపు మినిట్స్ పుస్తకంలోను, కోశాధికారి డైరీలోను రాసుకోవాలి. కార్యదర్శులు మారుతుంటారు, గడువు మారదు. పాత భవనాల సంగతి ఏమిటని అడిగేవారుంటారు. ఎప్పుడో కట్టినదైనా, దానిలో ఈ రోజు పిల్లలు కూర్చుంటున్నారు. స్టేషన్ ఫైర్ ఆఫీసరును పిలిపించి చూపించి, చేయగలిగిన మార్పులు రాయించుకోండి.

లోపల ఏమి ఉంటుంది?

అలారం కొనేవారికి దానిలోని భాగాలు తెలియకపోతే మోసపోయే అవకాశం ఉంది. కప్పుకు బిగించే గుండ్రని పరికరం డిటెక్టరు. పొగను పసిగట్టేది ఒక రకం, వేడిని పసిగట్టేది మరొక రకం. వంటగదిలో పొగ రకం పెడితే తాలింపు వేసినప్పుడల్లా మోగుతుంది. అందరూ విసిగిపోయి వైరు పీకేస్తారు. కాబట్టి వంటగదికి వేడి రకం, పడకగదులకు పొగ రకం సరిపోతాయి. గోడకు ఉండే ఎర్రని పెట్టె మంట చూసిన మనిషి నొక్కేది. గద్దించే శబ్దం చేసేది హూటరు. ఇవన్నీ ఒక ప్యానెలుకు కలుస్తాయి. ఏ గదిలో ప్రమాదమో ప్యానెలు మీద దీపం వెలిగి చూపిస్తుంది.

ప్యానెలులో బ్యాటరీ ఉండి తీరాలి. కరెంటు లేనప్పుడు మోగని అలారం మన ఊళ్ళలో దేనికీ పనికిరాదు. ప్యానెలును తాళం వేసిన ఆఫీసు గదిలో పెట్టకూడదు. రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు ఉండే చోట, వార్డెను గది దగ్గరనో వాచ్‌మన్ దగ్గరనో పెట్టాలి.

ఎవరిచేత పెట్టించాలి?

అమెరికాలో చాలా పట్టణాలలో జనం చేరే భవనానికి అలారం పెట్టాలంటే ముందుగా ప్లాను చూపించి పర్మిటు తీసుకోవాలి. చాలా రాష్ట్రాలలో అమర్చేవారికి కూడా లైసెన్సు ఉండాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారికి ఇంటి కప్పుకు ఉండే పొగ అలారం బాగా పరిచయమే. మన దేశంలోనూ మహారాష్ట్ర 2006లో చేసిన చట్టంలో ఈ పద్ధతి తెచ్చింది. అక్కడ ప్రభుత్వ లైసెన్సు పొందిన ఏజెన్సీయే అగ్ని భద్రతా ఏర్పాట్లు చేయాలి. అవి సరిగా పనిచేస్తున్నాయని ప్రతి సంవత్సరం జనవరిలోను, జూలైలోను లైసెన్సు ఏజెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఈ ఆరు నెలల పద్ధతిని ఏ చట్టమూ బలవంతం చేయకపోయినా మన కమిటీలు తమంతట తాము పాటించవచ్చు. సంవత్సరానికి రెండుసార్లు మెకానిక్కును పిలిచి, ప్రతి డిటెక్టరును పరీక్షించి, చూసిన తేదీ రిజిస్టరులో రాయించి సంతకం చేయించండి. కరెంటు పనికి మాత్రం ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు తప్పనిసరి. సంఘంలో ఒక తమ్ముడికి వైరింగు వచ్చు, ఉచితంగా చేసిపెడతాడని పని అప్పగించడం ప్రేమే కావచ్చు. కానీ లైసెన్సు లేని చేతి పని వల్ల నిప్పు పుడితే ఆ భారం ఆ తమ్ముడి జీవితాంతం ఉంటుంది. అతని సేవను వేరేచోట వాడుకోండి.

ఇంకొక మాట. ఎన్.ఓ.సి. నేను తెప్పిస్తాను, మీరు ఏమీ పెట్టనక్కరలేదు అని చెప్పే మధ్యవర్తులు తారసపడతారు. ఖర్చు తక్కువని, పని తొందరగా అవుతుందని చెబుతారు. వారు అమ్మేది కాగితం. పొగ వచ్చినప్పుడు కాగితం మోగదు. సత్యం పలకమని పిల్లలకు నేర్పే బడి గోడకు అబద్ధపు పత్రం వేలాడదీయడం ఎంత తప్పో వేరుగా చెప్పనక్కరలేదు.

చిన్న సంఘాలు ఏమి చేయాలి?

మాది నలభై కుటుంబాల సంఘం, రేకుల షెడ్డులో కూడుకుంటున్నాము, మాకు ఇవన్నీ ఎక్కడ సాధ్యమని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చట్టం కొలతలకు లోబడని చిన్న భవనానికి పత్రం అక్కరలేకపోవచ్చు. కానీ నిప్పుకు కొలతలు తెలియవు. హైదరాబాదులో చార్మినార్ సమీపాన గుల్జార్ హౌజ్ దగ్గర 2025 మే 18న తెల్లవారుజామున ఒక ఇంటికి నిప్పంటుకుంది. క్రింద దుకాణాలు, పైన కుటుంబం నివాసం, బయటికి ఇరుకైన దారి. 17 మంది మరణించారు. వారిలో 8 మంది పిల్లలు. అంతకుముందు 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంట, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మందిని బలిగొన్నాయి. క్రింద ఒక వాడుక, పైన నిద్ర, మధ్య ఒకే మెట్ల దారి. ఇది చిన్న పట్టణాలలోని మన హాస్టళ్ళలోను కనబడే అమరికే.

ఖర్చు లేకుండా చేయగల పనులు ఎన్నో ఉన్నాయి. ఆరాధన జరుగుతున్నంతసేపు అన్ని తలుపుల గడియలు తీసి ఉంచండి. దారిలో కుర్చీలు, చెప్పులు, మోటారు సైకిళ్ళు అడ్డం లేకుండా ఒక యువకునికి బాధ్యత ఇవ్వండి. హాస్టలు తలుపుకు రాత్రి బయటినుండి తాళం వేయకండి. ఆడపిల్లల భద్రత కోసం వేస్తామంటారు, కానీ లోపలినుండి తీయగల గడియ పెడితే రెండు భద్రతలూ కుదురుతాయి. కిటికీ ఊచలలో ఒకటైనా తెరుచుకునేలా చేయించండి. మెట్ల క్రింద పాత పరుపులు, కాగితాలు, పెట్రోలు డబ్బా పెట్టకండి. జనరేటరును భవనానికి దూరంగా ఉంచండి.

అలారం కొనలేకపోతే చేతితో కొట్టే గంటనే అలారంగా పెట్టుకోండి. అయితే ఆరాధన గంటకు, ఆపద గంటకు తేడా ఉండాలి. ఆపద గంట ఆగకుండా మోగుతుందని పిల్లలకు సైతం చెప్పండి. హాస్టలు పడకగదులలో బ్యాటరీతో నడిచే పొగ అలారాలైనా పెట్టించండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న సిలిండరు ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి వంటగది బయట ఉంచి, దానిమీద గడువు తేదీ చూస్తుండండి. మూడు నెలలకొకసారి గంట కొట్టి అందరినీ బయట మైదానంలో చేర్చి తలలు లెక్కపెట్టండి. ఆలస్యమెక్కడ జరుగుతోందో మొదటిసారే తెలిసిపోతుంది.

పందిరి సభలు పెట్టేవారు డబ్వాలిని మరువకూడదు. కరెంటు తీగల క్రింద పందిరి వేయకండి. సింథటిక్ గుడ్డ, నైలాను తాళ్ళు వద్దు. నూలు గుడ్డ మేలు. వంటలు పందిరికి దూరంగా ఉండాలి. నాలుగు వైపులా దారులు ఉండాలి. పోలీసులకు అనుమతి పత్రం రాసేటప్పుడే అగ్నిమాపక కేంద్రానికి కూడా ఒక దరఖాస్తు ఇవ్వండి. పెద్ద సభ అయితే ఫైరింజను ఉంచమని అడగండి. ప్రమాదం వస్తే 101కి గాని, 112కి గాని ఫోను చేయాలని మైకులో ఒక్కమారు చెప్పించండి.

పిట్టగోడ

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. క్రొత్త ఇల్లు కట్టుకునేవాడు దాని పైకప్పుకు పిట్టగోడ కట్టించాలి. ఎవడైనా అక్కడినుండి పడితే ఆ రక్తాపరాధం ఇంటిమీదికి వస్తుంది. ఆ కాలంలో ఇంటి కప్పు మీద జనం కూర్చునేవారు, పడుకునేవారు. కాబట్టి ఇల్లు కట్టిన యజమాని తన ఇంటికి వచ్చే పొరుగువాని ప్రాణానికి బాధ్యుడయ్యాడు. పడిపోయాక చూపే జాలికంటే పడకుండా కట్టే గోడ గొప్పదని ఆ ఆజ్ఞ భావం.

ఈ కాలంలో మన పిట్టగోడలలో ఫైర్ అలారం ఒకటి. దానికి కావలసిన అనుమతి పత్రం, ఆ గోడ నిజంగా ఉందా, గట్టిగా ఉందా అని మనం కాని మరొకరు వచ్చి తట్టి చూడటం. మన కట్టడంలో లోపం మన కంటికి కనబడదు. బయటివాని కన్ను అవసరం. అందుచేత తనిఖీకి వచ్చే అధికారిని అడ్డంకిగా చూడకండి. మన పిల్లల పక్షాన ప్రశ్న అడగడానికి వచ్చిన మనిషిగా చూడండి.

వచ్చే నెల మీ కమిటీ సమావేశంలో ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. మన స్థలం ఎన్ని సెంట్లు, భవనం ఎత్తు ఎన్ని అడుగులు? మన దగ్గర నిరభ్యంతర పత్రం ఉందా, ఉంటే దాని గడువు ఎప్పుడు? మన గంటను చివరిసారి ఎప్పుడు మోగించి చూశాము? ఈ రాత్రి హాస్టలులో పొగ వస్తే అందరికంటే చిన్నపిల్లను ఎవరు లేపుతారు? నాలుగవ ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా వచ్చేవరకు సమావేశం ముగించకండి.